తీర సముద్ర సంరక్షణ ప్రాంతంలో వన్యప్రాణులు: సరిహద్దు గీసిన తర్వాత మొదట చేయవలసిన పని ఏది?

ప్రశ్న: తీరరేఖ

సభ్యులందరికీ నమస్కారం. ఒక తీర సముద్ర సంరక్షణ ప్రాంతానికి వచ్చే 5 ఏళ్ళ నిర్వహణ ప్రణాళిక ముసాయిదాను పరిశీలించి అభిప్రాయం చెప్పవలసిన సలహా సంఘంలో నేనొక సభ్యుడిని. వృత్తిరీత్యా జీవశాస్త్రం బోధిస్తాను. సముద్ర జీవులపై పరిశోధన చేసినవాడిని కాను, పడవ మీద ఎక్కువ కాలం గడిపినవాడినీ కాను. అందుకే ఈ పనిలో ఉన్నవారి మాట వినకుండా అభిప్రాయం రాయడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

ఆ ప్రాంతంలో తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక తీరం ఉంది. దాని ముందు లోతు తక్కువ నీటిలో సముద్రపు గడ్డి పరుచుకుని ఉంది. కొంత దూరంలో పగడపు దిబ్బలు, వాటికి ఆవల పక్షులు గూళ్ళు పెట్టే చిన్న దీవి ఉన్నాయి. ఈ నీళ్ళలోనే చిన్న పడవల మీద వేట సాగించే కుటుంబాలు ఉన్నాయి. సందర్శకులను తిప్పే మరపడవలూ ఏటా పెరుగుతున్నాయి.

ముసాయిదాను రెండుసార్లు చదివాను. నిధుల్లో అధిక భాగాన్ని గస్తీ పడవలకు, సరిహద్దును చూపే బోయలకు (నీటి మీద తేలే గుర్తులకు), హెచ్చరిక బోర్డులకు కేటాయించారు. జీవుల పేర్లు చివరి అనుబంధంలో జాబితాగా ఉన్నాయి. ఏ జీవి ఏ నెలలో ఎక్కడ ఉంటుంది, అది దేనివల్ల చనిపోతున్నది, ఆ కారణం సరిహద్దు లోపల ఉన్నదా బయట ఉన్నదా అన్న విచారణ ప్రధాన భాగంలో ఎక్కడా కనిపించలేదు. గస్తీ అనవసరమని నేను అనడం లేదు. అయితే కొన్ని వారాలు మాత్రమే ఈ తీరానికి వచ్చి, మిగిలిన కాలమంతా వందల కిలోమీటర్ల దూరంలో గడిపే తాబేలుకు ఈ బోయల వల్ల కలిగే రక్షణ ఎంత అన్న సందేహం నన్ను వదలడం లేదు.

ప్రణాళికలో మొదటి స్థానం దేనికి ఇవ్వాలి? వేటను కొంత భాగంలో శాశ్వతంగా ఆపాలా, లేక గుడ్లు పెట్టే కాలంలో ఆపితే చాలునా? 5 ఏళ్ళ తర్వాత ఫలితం ఉన్నదో లేదో నిజాయితీగా చెప్పాలంటే ఈరోజు ఏమి కొలిచి పెట్టుకోవాలి? అనుభవం ఉన్నవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.


సమాధానం: లంగరు

తీరరేఖ గారికి నమస్కారం. సముద్ర సంరక్షణ ప్రాంతాల్లో క్షేత్రస్థాయి ఉద్యోగం చేసి విరమించినవాడిని. మీ సందేహం సరైన చోటనే మొదలైంది. ఏ జీవి దేనివల్ల చనిపోతున్నదో తెలుసుకోవడమే ప్రణాళికలో మొదటి అధ్యాయం కావాలని నా దృఢమైన అభిప్రాయం. అది రాయకుండా గస్తీ పడవలు కొంటే, ఆ పడవలు దేనికోసం వెతుకుతున్నాయో వాటిని నడిపేవారికే తెలియదు.

దీనికి మెక్సికోలోని వకీటా కంటే బాధాకరమైన ఉదాహరణ మరొకటి లేదు. కాలిఫోర్నియా సింధుశాఖ ఎగువ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని, డాల్ఫిన్‌ను పోలిన చిన్న పోర్పాయిస్ అది. 1993 లోనే ఆ నీళ్ళను జీవావరణ పరిరక్షణ కేంద్రంగా ప్రకటించారు, 2005 లో ప్రత్యేక ఆశ్రయ ప్రాంతాన్ని కూడా గుర్తించారు. 1997 లో సుమారు 567 ఉంటాయని అంచనా వేసిన ఆ జంతువులు ఇప్పుడు 10 దరిదాపుల్లో మిగిలాయి. దాన్ని వేటాడేవారు ఎవరూ లేరు. టొటోఅబా అనే పెద్ద చేప కోసం, ఆ చేప గాలితిత్తికి దూరదేశంలో పలికే ధర కోసం నీటిలో తెరలా నిలిపి వేసే గిల్‌నెట్లలో చిక్కుకుని, పైకి వచ్చి ఊపిరి పీల్చుకోలేక అవి చనిపోయాయి. సరిహద్దు ఉంది, ప్రకటన ఉంది, పటం ఉంది. చంపే వల మాత్రం నీటిలోనే ఉండిపోయింది. గిల్‌నెట్లపై శాశ్వత నిషేధం 2017 లో గాని రాలేదు, వచ్చాక కూడా దొంగ వేట ఆగలేదు.

మీ ప్రాంతంలో సముద్రపు గడ్డి ఉన్నదంటే సముద్రపు ఆవులు (డూగాంగ్‌లు) కూడా ఉండే అవకాశాన్ని పరిశీలించండి. ఆ జంతువు గర్భం మోసే కాలమే ఏడాదికి పైగా ఉంటుంది, 3 నుంచి 7 ఏళ్ళకు ఒకసారి ఒక్క పిల్లను కంటుంది. ఇంత నెమ్మదిగా పెరిగే జీవుల విషయంలో పుట్టే పిల్లల సంఖ్య కంటే ఎదిగిన ఆడ జంతువులు బతకడమే సంతతిని నిలబెడుతుంది. ఏడాదికి అదనంగా రెండు మూడు పెద్ద జంతువులు చనిపోయినా చిన్న మంద తగ్గిపోవడం మొదలవుతుంది. కాబట్టి గడ్డి మీద గిల్‌నెట్ ఉండకూడదు, మరపడవ వేగంగా పోకూడదు. ఈ రెండు నియమాలూ ముందు కావాలి, బోర్డులు తర్వాత.

పడవ వేగాన్ని చాలామంది చిన్న విషయంగా చూస్తారు. నెమ్మదిగా వెళ్ళే పడవను జంతువు గుర్తించి తప్పుకునే వ్యవధి ఉంటుంది, ఒకవేళ తగిలినా దెబ్బ ప్రాణాంతకం కాకపోవచ్చు. ఉత్తర అట్లాంటిక్ రైట్ తిమింగలాల కోసం 2003 లో ఫండీ అఖాతంలో ఓడలు నడిచే దారినే పక్కకు జరిపారు. 2008 లో అమెరికా తూర్పు తీరంలో నిర్ణీత కాలాల్లో, నిర్ణీత ప్రాంతాల్లో 65 అడుగులు, అంతకు మించిన పొడవున్న ఓడలు 10 నాట్ల (గంటకు సుమారు 18.5 కిలోమీటర్ల) వేగం దాటకూడదని నిబంధన పెట్టారు. ఆ నిబంధన పటంలో ఏడాది పొడవునా నిలిచి ఉండే గీత కాదు. తిమింగలాలు వచ్చే నెలలతో పాటు వస్తుంది, అవి వెళ్ళే నెలలతో పాటు పోతుంది. మీ ప్రణాళికకు పనికివచ్చే ఆలోచన అదేనని నాకనిపిస్తుంది.

తాబేళ్ళ విషయం మరికొంత వివరంగా రాస్తాను. గుడ్ల తీరానికి కాపలా పెట్టి, ఎదుటి నీళ్ళలో పడవ వెనక ఈడ్చే ట్రాల్ వలలను వదిలేస్తే లాభం లేదు. ట్రాల్ వలలో అడ్డంగా ఊచల చట్రం అమర్చి, రొయ్యలు ఊచల మధ్యగా లోపలికి పోయేటట్టు, తాబేలు మాత్రం చట్రానికి తగిలి పై ద్వారం గుండా బయటపడేటట్టు చేసే సాధనం 1980 లలోనే వచ్చింది. అమెరికాలో ఏ నమూనాకైనా ఆమోదం రావాలంటే వలలోకి వచ్చిన తాబేళ్ళలో 97 శాతం బయటపడుతున్నట్టు పరీక్షలో తేలాలి. అయితే ఆ ద్వారాన్ని తాడుతో కుట్టేసిన వలలను నేను నా చేతులతో విప్పి చూశాను. చేపలు కూడా జారిపోతాయన్న భయంతో అలా కుడతారు. ఆ భయాన్ని పోగొట్టాలంటే, వేటకు వెళ్ళేవారి పడవలోనే, వారి వలతోనే, వారి కళ్ళ ముందే ప్రయోగం చేసి చూపాలి.

ఇక ఒడ్డు మీద వెలుగు. గూటి నుంచి బయటికి వచ్చిన పిల్ల తాబేలు, తక్కువ ఎత్తులో ఎటు ఎక్కువ వెలుతురు కనిపిస్తే అటు నడుస్తుంది. సహజమైన తీరంలో అది సముద్రం వైపే ఉంటుంది. ఒడ్డున తెల్లని దీపాలు వెలిగితే పిల్లలు వెనక్కి నడిచి, ఎండకు, కుక్కలకు, వాహనాలకు బలైపోతాయి. దీపాన్ని కిందికి దించి, సముద్రం వైపు కనిపించకుండా కప్పి, ఎరుపు లేదా కాషాయ రంగు వెలుగుకు మార్చడం తక్కువ ఖర్చుతో అయ్యే పని. గుడ్లు పెట్టే కాలంలో రాత్రిపూట అవసరం లేని దీపాలు ఆపివేయించడానికి అసలు ఖర్చే లేదు.


సమాధానం: ఉప్పుగాలి

మాది వేట మీద బతికిన కుటుంబం. ఇప్పుడు మత్స్యకారుల సహకార సంఘంలో లెక్కలు, శిక్షణ చూసుకుంటున్నాను. లంగరు గారు రాసిన దానిలో నాకు అభ్యంతరం ఏమీ లేదు. మీ రెండో ప్రశ్నకు మాత్రం సమాధానం అంత సులువు కాదు.

కొంత కాలం పాటు వేట ఆపడం వేగంగా పెరిగే జీవులకు బాగా పనిచేస్తుంది. మడగాస్కర్ నైరుతి తీరంలో 2004 లో ఒక గ్రామం ఆక్టోపస్ వేటను కొన్ని నెలలు ఆపి చూసింది. తిరిగి మొదలుపెట్టినప్పుడు పెద్ద పెద్ద ఆక్టోపస్‌లు దొరకడంతో చుట్టుపక్కల గ్రామాలు తామే ముందుకు వచ్చి ఆ పద్ధతిని అనుసరించాయి. ఆక్టోపస్ ఏడాది, ఏడాదిన్నర మాత్రమే బతికే జీవి, నెలల్లో బరువు పెరుగుతుంది. ఇదే పద్ధతిని పదేళ్ళకు గాని గుడ్లకు రాని చేపకు వర్తింపజేస్తే, ఆపిన కాలంలో దాచుకున్నదంతా తెరిచిన మొదటి వారంలోనే పోతుంది. కాబట్టి పగడపు దిబ్బలో ఒక భాగమైనా శాశ్వతంగా వేట లేకుండా ఉండాలి. ఇది మత్స్యకార కుటుంబం నుంచి వచ్చిన నేను తేలికగా అంటున్న మాట కాదు.

ఫిలిప్పీన్స్‌లోని సుమిలోన్ దీవి దగ్గర 1974 లో దిబ్బలో కొంత భాగాన్ని వేటకు మూసివేశారు. దాదాపు పదేళ్ళు ఆ నియమం నిలిచింది. 1984 లో రక్షణ సడలిపోయి, మూసిన భాగంలో కూడా వేట మొదలైంది. వేటకు మునుపటి కంటే ఎక్కువ చోటు దొరికినా దీవి మొత్తం మీద పట్టుబడే చేప బాగా తగ్గిపోయింది. మూసిన భాగం చుట్టూ ఉన్న నీళ్ళకు చేపలను అందిస్తున్నదని అక్కడివారికి తెలిసింది ఆ నష్టం తర్వాతనే. మా సంఘంలో శిక్షణకు వచ్చేవారికి నేను మొదట చెప్పేది ఈ సంగతే, ఎందుకంటే ఇది వేటగాడి లెక్కలో అర్థమయ్యే సంగతి.

మెక్సికోలోని కాబో పుల్మోలో 1995 లో జాతీయ ఉద్యానం ఏర్పడింది. చట్టం ప్రకారం వేట నిషిద్ధమైన భాగం దానిలో సుమారు మూడో వంతే. మిగిలిన భాగంలో గ్రామస్థులే వేట మానుకున్నారు, కాపలా కూడా వారే కాశారు. 1999 నుంచి 2009 వరకు చూస్తే చేపల జీవద్రవ్యరాశి, అంటే చేపలన్నిటి మొత్తం బరువు, 463 శాతం పెరిగింది. అక్కడ కుటుంబాలకు సందర్శకుల ద్వారా వేరే ఆదాయం ఏర్పడిందన్న విషయాన్ని కూడా దాచకుండా చెప్పాలి. ఆదాయ మార్గం చూపకుండా, వంతులవారీగా కూర్చుని మాట్లాడకుండా, ఒకరోజు పొద్దున బోయలు వేసి ఇక్కడ వేట నిషేధం అంటే ఎవరు ఒప్పుకుంటారు? పటం గీసే రోజున వల వేసేవారు ఆ గదిలో ఉండాలి. ఏ మూల గాలివానకు ఆశ్రయం, ఏ మూలకు వృద్ధులు తెడ్డు పడవల మీద పోగలరు, ఏ చోట ఆడవాళ్ళు ఆటు సమయంలో ఆల్చిప్పలు ఏరుకుంటారు అన్నవి ఉపగ్రహ చిత్రంలో కనిపించవు. మూసే చోటును ఆ వివరాలు తెలిసి ఎంచుకుంటే, చేపకు ఎంత మేలో అంతే మేలు చేస్తూ, కష్టం సగానికి తగ్గించవచ్చు.

మరొక సంగతి. వలలో ప్రమాదవశాత్తు తాబేలో సముద్రపు ఆవో పడితే చెప్పినవాడికి శిక్ష పడేటట్టయితే, ఎవరూ చెప్పరు. కళేబరానికి రాయి కట్టి ముంచేస్తారు. గుజరాత్ తీరంలో తిమింగల సొరను 2001 లో చట్టపరంగా రక్షించిన తర్వాత, వల కోసి దాన్ని వదిలిపెట్టిన మత్స్యకారుడికి వల నష్టపరిహారం ఇచ్చే ఏర్పాటు చేశారు. వదిలిపెడుతున్నప్పుడు ఫొటో తీసి చూపితే చాలు. ఒకప్పుడు దాన్ని వేటాడిన పల్లెలే వందల సంఖ్యలో సొరలను వదిలిపెట్టాయి. మీ ముసాయిదాలో గస్తీ పడవ ఒకటి తగ్గించి ఇటువంటి నిధి ఏర్పాటు చేయమని అడగండి.


సమాధానం: పోటుపాటు

సముద్ర ఆవరణశాస్త్రంలో పనిచేస్తున్నాను, ముఖ్యంగా పగడపు దిబ్బల చేపల లెక్కింపులో. మూడో ప్రశ్నకు సమాధానం రాస్తాను.

ముందుగా ఒక హెచ్చరిక. 40 దేశాల్లోని 87 సంరక్షణ ప్రాంతాలను పోల్చిన అధ్యయనం 2014 లో వెలువడింది. వేట పూర్తిగా నిషేధించడం, నియమాలు గట్టిగా అమలు కావడం, 10 ఏళ్ళు దాటడం, 100 చదరపు కిలోమీటర్ల కంటే పెద్దదై ఉండడం, లోతైన నీరు లేదా ఇసుక వల్ల చుట్టుపక్కల దిబ్బల నుంచి వేరుగా ఉండడం అనే 5 లక్షణాలను వారు పరిశీలించారు. ఆ ప్రాంతాల్లో 59 శాతానికి ఈ లక్షణాల్లో ఒకటో రెండో మాత్రమే ఉన్నాయి. వాటిలోని చేపలకూ, బయట వేట సాగే చోట్ల చేపలకూ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. మీ ప్రణాళిక కాలం 5 ఏళ్ళు. కొన్ని ఫలితాలు ఆ గడువులో కనిపించవని ఇప్పుడే రాతపూర్వకంగా చెప్పకపోతే, ఐదో ఏట ఎవరో లేచి ఇది విఫలమైందని మూసివేయవచ్చు.

న్యూజీలాండ్‌లో లీ అనే ఊరి దగ్గర 1975 లో ఏర్పడిన అభయప్రాంతం దీనికి మంచి సాక్ష్యం. వేట ఆగాక స్నాపర్ చేపలు, రాతి లాబ్‌స్టర్లు పెరిగాయి. అవి ముళ్ళబంతుల్లాంటి సీ అర్చిన్లను తినడం మొదలుపెట్టాయి. అర్చిన్లు తగ్గడంతో, అవి మేసి బోడిగా మార్చిన రాళ్ళ మీద కెల్ప్ అనే పెద్ద నాచు తిరిగి పెరిగింది. చేప పెరగడానికి కొన్ని ఏళ్ళు పట్టింది, నాచు అడవి తిరిగి రావడానికి దశాబ్దాలు పట్టింది. ఐదో ఏట కెల్ప్‌ను మాత్రమే కొలిచి ఉంటే అక్కడ ఏమీ జరగలేదనే అనుకునేవారు.

తాబేళ్ళకు ఈ ఆలస్యం ఇంకా ఎక్కువ. ఈరోజు సముద్రంలోకి క్షేమంగా వెళ్ళిన పిల్ల తిరిగి వచ్చి గుడ్లు పెట్టడానికి జాతిని బట్టి పది నుంచి ముప్ఫై ఏళ్ళు, కొన్ని చోట్ల అంతకు మించి పడుతుంది. గూళ్ళ సంఖ్య ఈ ఏడాది ఎక్కువగా ఉన్నదంటే అది మీ ఘనత కాకపోవచ్చు; తక్కువగా ఉన్నదంటే మీ తప్పూ కాకపోవచ్చు. గూళ్ళు లెక్కపెట్టండి, కాని దానితో పాటు గూట్లో ఎన్ని గుడ్లు పొదిగాయో, పిల్లల్లో ఎన్ని నీటిని చేరాయో, ఒడ్డుకు ఎన్ని కళేబరాలు కొట్టుకు వచ్చాయో కూడా లెక్కపెట్టండి. ఈ మూడు సంఖ్యలు మీ పనికి వెంటనే స్పందిస్తాయి.

ఇసుక వేడిని కూడా నమోదు చేయించండి. తాబేలు పిల్ల ఆడదా మగదా అన్నది గూటి వేడిని బట్టి నిర్ణయమవుతుంది. సుమారు 29 డిగ్రీల దగ్గర రెండూ సమానంగా పుడతాయి, అంతకంటే వేడెక్కితే ఆడవి ఎక్కువ. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బ్యారియర్ రీఫ్ ఉత్తర భాగంలో పుట్టిన పచ్చ తాబేళ్ళలో ఎదగని వాటిని పరీక్షిస్తే 99 శాతం ఆడవేనని 2018 లో తేలింది. కాపలా ఎంత బాగా ఉన్నా ఈ సమస్య కనిపించదు. ఇసుకలో పాతిపెట్టే చిన్న ఉష్ణమాపకం ఖరీదైన వస్తువు కాదు, తీరం మీద నీడనిచ్చే సహజమైన మొక్కలను తొలగించకుండా ఉంచడానికి అది మంచి ఆధారమవుతుంది.

చేపల లెక్కకు అన్నింటికంటే ముఖ్యమైనది పోలిక. మూసిన చోట మాత్రమే కొలిస్తే, ఆ ఏడాది సముద్రమంతటా చేప పెరిగినా అది మీ ఫలితంగా కనిపిస్తుంది. మూసిన చోటును పోలిన, వేట సాగుతున్న మరో రెండు మూడు చోట్లలో, మూసివేయడానికి ముందు కనీసం రెండు ఏళ్ళ పాటు ఒకే నెలలో, ఒకే పద్ధతిలో, వీలైతే ఒకే మనుషులతో లెక్క వేయించండి. ఉప్పుగాలి గారు చెప్పిన సుమిలోన్ అనుభవానికి తోడుగా ఒక్క సంగతి: గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లోని కెపెల్ దీవుల దగ్గర రెండు జాతుల చేపపిల్లల జన్యువులను తల్లిదండ్రుల జన్యువులతో పోల్చి చూశారు. దిబ్బల విస్తీర్ణంలో 28 శాతం మాత్రమే ఉన్న నిషేధ భాగాలు, 30 కిలోమీటర్ల పరిధిలో స్థిరపడిన ఆ రెండు జాతుల పిల్లల్లో సుమారు సగాన్ని అందించాయని 2012 లో వెల్లడైంది. పెద్ద చేప ఎన్నో చిన్న చేపలు కలిసి పెట్టినన్ని గుడ్లు పెడుతుంది. వేట లేని చోట అటువంటి పెద్ద చేపలు మిగులుతాయి.


తీరరేఖ:

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. లంగరు గారి సమాధానం చదివిన తర్వాత ముసాయిదాను మూడోసారి తెరిచి, ప్రతి జీవి పేరు పక్కన అది చనిపోయే కారణాన్ని రాయడానికి ప్రయత్నించాను. సగానికి పైగా పేర్ల పక్కన ఖాళీ మిగిలింది. ఆ ఖాళీల జాబితానే సంఘానికి సమర్పించాలని అనుకుంటున్నాను.

దీవి సంగతి మాత్రం నాకు అంతుబట్టలేదు. అక్కడ మనుషులు నివసించరు, వేట కూడా లేదు, కాబట్టి ఏ చర్యా అవసరం లేదని ముసాయిదాలో ఒక్క వాక్యంలో ముగించారు. పక్షుల సంఖ్య తగ్గుతున్నదని మాత్రం పడవలవారు అంటున్నారు.


సమాధానం: తీరపక్షి

ఆ ఒక్క వాక్యాన్ని తప్పకుండా తొలగించమని అడగండి. మనుషులు లేని దీవిలో పక్షులు తగ్గుతున్నాయంటే మొదట చూడవలసింది ఎలుకల కోసం. నేలమీద, బొరియల్లో గుడ్లు పెట్టే సముద్ర పక్షులకు ఎలుకల నుంచి తప్పించుకునే అలవాటు ఉండదు. పడవలోని ఒక సంచిలో వచ్చిన రెండు ఎలుకలు కొన్ని ఏళ్ళలో దీవినంతా ఆక్రమించి గుడ్లను, పిల్లలను తినేస్తాయి. ఇనుప పలకల కింద మైనపు ముక్కలు, సిరా అద్దిన కాగితాలు ఉంచితే పంటి గుర్తులు, కాలి గుర్తులు పడతాయి. వారం రోజుల్లో విషయం తేలిపోతుంది.

పక్షులకు, పగడాలకు సంబంధం ఏమిటని మీ సంఘంలో ఎవరైనా అడగవచ్చు. హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల మీద 2018 లో వెలువడిన అధ్యయనం దానికి అద్భుతమైన సమాధానం. అక్కడ కొన్ని దీవుల్లోకి శతాబ్దాల క్రితం ఓడలతో ఎలుకలు చేరాయి, కొన్ని దీవులకు చేరలేదు. ఎలుకలు లేని దీవుల్లో పక్షుల సాంద్రత 760 రెట్లు ఎక్కువ. ఆ పక్షులు దూర సముద్రంలో చేపలు తిని దీవి మీద రెట్ట వేస్తాయి, వాన నీటితో ఆ నత్రజని చుట్టూ ఉన్న దిబ్బలకు చేరుతుంది. ఆ దిబ్బల్లో చేపల జీవద్రవ్యరాశి 48 శాతం ఎక్కువగా ఉంది, పగడాల మీది నాచును గీకి తినే చిలుకచేపల మేత కూడా 3 రెట్లు దాటింది. దీవి మీద ఎలుకలను తీసివేయడం నీటి లోపలి దిబ్బకు చేసే సేవ అని దీన్నిబట్టి చెప్పవచ్చు. ఈ పని అసాధ్యమేమీ కాదు. దక్షిణ అట్లాంటిక్‌లోని సౌత్ జార్జియా వంటి పెద్ద దీవిని కూడా 2018 లో ఎలుకలు లేనిదిగా ప్రకటించారు. మళ్ళీ రాకుండా చూడడమే కష్టం. దీవికి వెళ్ళే ప్రతి పడవలో సామాను మూతబిగించిన డబ్బాల్లో ఉండాలన్న నియమం ప్రణాళికలో చేరాలి.

సందర్శకుల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. గూటి మీద కూర్చున్న పక్షి మనిషిని చూసి లేస్తే, ఎండకు గుడ్డు వేడెక్కడానికి కొన్ని నిమిషాలు చాలు. పక్కనే కాకో, గల్ పక్షో ఉంటే అంతసేపు కూడా పట్టదు. పక్షి ఎంత దూరంలో తల ఎత్తుతున్నదో, ఎంత దూరంలో ఎగిరిపోతున్నదో మీరే ఒక పడవలో కూర్చుని కొలవండి. ఎగిరిపోయే దూరానికి కాదు, తల ఎత్తే దూరానికి ఇంకొంత కలిపి బోయ వేయించండి. ఈ ప్రాంతంలోని బోయల్లో నేను నిజంగా సమర్థించేది అదొక్కటే.

వలస పక్షులు వాలే బురద మేటలు మీ సరిహద్దులో ఉంటే వాటిని కూడా మరవకండి. అమెరికాలోని డెలావేర్ అఖాతంలో మే నెలలో రెడ్ నాట్ పక్షులు దిగుతాయి. దక్షిణ అమెరికా కొసల నుంచి ఆర్కిటిక్‌కు పోయే దారిలో అక్కడ గుర్రపునాడా పీతల గుడ్లు తిని, రెండు మూడు వారాల్లో బరువు దాదాపు రెట్టింపు చేసుకుంటాయి. ఆ వారాల్లో కుక్క తరిమిన ప్రతిసారీ అవి తినవలసిన సమయం పోతుంది, తిన్నది కూడా ఖర్చవుతుంది. న్యూజెర్సీ వైపు తీరాలను ఆ కొద్ది వారాలే మూసివేస్తారు. లంగరు గారు తిమింగలాల ఓడదారుల గురించి చెప్పినట్టే, ఇక్కడ కూడా నియమం పక్షి వెంట వచ్చి పక్షి వెంట వెళ్తుంది.

సరిహద్దుకు భూమి వైపున ఏముందో చూడడం కూడా అవసరం. కాలిఫోర్నియా సీ ఆటర్లలో (సముద్రపు నీటికుక్కల్లో) మెదడును దెబ్బతీసే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లుల మలం నుంచి వాన నీటితో కొట్టుకు వచ్చిందని గుర్తించారు. మంచినీటి ప్రవాహాలు ఎక్కువగా కలిసే చోట్ల ఉన్న ఆటర్లలో ఆ పరాన్నజీవి ఎక్కువగా కనిపించింది. ఏ గస్తీ పడవా దాన్ని ఆపలేదు.


లంగరు:

తీరపక్షి గారు చెప్పిన దూరం కొలిచే పద్ధతి చాలా బాగుంది. నేను ఉద్యోగంలో ఉండగా అది తెలిసి ఉంటే ఎంతో ఉపయోగపడేది. ఉప్పుగాలి గారి మాట మీద మాత్రం ఒక చిన్న విభేదం ఉంది. ప్రమాదవశాత్తు వలలో పడిన జంతువు గురించి చెప్పినవారికి శిక్ష ఉండకూడదన్న మాటను నేను పూర్తిగా సమర్థిస్తాను. కాని ఒకే పడవ నుంచి, ఒకే నిషిద్ధ చోటు నుంచి పదేపదే అటువంటి వార్త వస్తుంటే దాన్ని ప్రమాదం అనలేము. ఆ హద్దు ఎక్కడో ముందే సంఘంతో కలిసి రాసుకోవాలి. లేకపోతే నిజాయితీగా చెప్పినవారికి, ఈ సౌలభ్యాన్ని వాడుకున్నవారికి తేడా లేకుండా పోతుంది.

సందర్శకుల పడవల గురించి రాయడం మరిచాను. పగడం మీద, సముద్రపు గడ్డి మీద లంగరు వేయనీయకండి. మధ్యధరా సముద్రంలోని పొసిడోనియా గడ్డి ఏడాదికి కొన్ని సెంటీమీటర్లకు మించి పాకదు. లంగరు గొలుసు ఒక్క మధ్యాహ్నంలో లాగిన మచ్చ పూడడానికి దశాబ్దాలు పడుతుంది. నిలపడానికి స్థిరమైన కట్టు బోయలు వేసి, వాటి సంఖ్యకు మించి పడవలకు అనుమతి లేదని చెప్పితే, లంగరు సమస్యతో పాటు రద్దీ సమస్య కూడా అదుపులోకి వస్తుంది.


ఉప్పుగాలి:

లంగరు గారి సవరణను అంగీకరిస్తున్నాను. ఆ హద్దు రాసే పని మత్స్యకారుల సంఘానికి అప్పగిస్తే, అధికారులు రాసే దాని కంటే కఠినంగా రాస్తారని నా అనుభవం. తోటివాడు నియమం తప్పితే నష్టపోయేది తామేనని వారికి తెలుసు.


తీరరేఖ:

వచ్చే సమావేశంలో ఖాళీల జాబితా, వల నష్టపరిహార నిధి, దీవి మీద ఎలుకల పరిశీలన, ఒడ్డు దీపాల మార్పు అనే నాలుగు ప్రతిపాదనలు పెడుతున్నాను. దిబ్బలో మూసే భాగం గురించి ఇప్పుడే పట్టుబట్టను. దానికి ముందు పడవలవారితో కూర్చోవడానికి రెండు నెలల గడువు అడుగుతాను. పోటుపాటు గారిని చివరిగా ఒక విషయం అడగాలి. ఒడ్డుకు కొట్టుకు వచ్చే కళేబరాలను ఉన్నత పాఠశాల విద్యార్థుల సహాయంతో, పెద్దల పర్యవేక్షణలో నమోదు చేయించవచ్చునా?


పోటుపాటు:

చేయించవచ్చు, అయితే ఎవరూ చేతితో తాకకూడదు. జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధులు ఉంటాయి, పైగా రక్షిత జీవి కళేబరాన్ని కదిలించడానికి చాలా దేశాల్లో అనుమతి కావాలి. ముందుగా అధికారులకు తెలియజేసి, వారానికి ఒకే రోజు, ఒకే దారిలో, ఒకే దూరం నడవండి. ఏమీ దొరకని రోజున కూడా తేదీ, నడిచిన దూరం రాసి సున్నా వేయండి. ఆ సున్నాలు లేకపోతే మిగిలిన అంకెలకు అర్థం ఉండదు. పక్కన కొలబద్ద పెట్టి పై నుంచి, పక్క నుంచి, తల వైపు నుంచి మూడు ఫొటోలు తీయండి. మెడ చుట్టూ, రెక్కల మొదట్లో వల తాడు కోసిన గీతలు ఉన్నాయా, తాబేలు డిప్ప మీద సమాంతరంగా ప్రొపెల్లర్ దెబ్బలు ఉన్నాయా అన్నది ఫొటోలో స్పష్టంగా కనిపించాలి. వాసన, ఉబ్బు, చర్మం ఊడడం చూసి కళేబరం తాజాదా పాతదా అన్నది కూడా రాయండి, ఎందుకంటే పాతబడినది ఎక్కడో దూరాన చనిపోయి ప్రవాహంతో వచ్చి ఉండవచ్చు. లెక్కలోకి వచ్చిన దాన్ని మళ్ళీ లెక్కించకుండా, అధికారులు గుర్తుగా రంగు వేసేవరకు ఆ చోటు వివరాలు పుస్తకంలో ఉంచుకోండి. మొదటి నెల పుస్తకం నిండిన తర్వాత ఇక్కడ పెట్టండి, నేను చూసి సవరణలు చెబుతాను.